బజ్జీల బండి తీసేస్తే రోగం పోయిందా?

నాట్ల కాలంలో లక్సెట్టిపేట ప్రాంతపు కూలి ఆడవాళ్లు తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. వాకిలి వూడ్చి, నీళ్లు పట్టి, పిల్లలకింత వండిపెట్టి ఆటో ఎక్కేసరికి తాము తినే వ్యవధి వుండదు. సద్ది డబ్బా పదకొండు గంటలకల్లా ఖాళీ అవుతుంది. సాయంత్రం నడుము పట్టుకుని తిరిగొచ్చేటప్పుడు రోడ్డు పక్కన కనిపించే మిర్చి బండి, చాయ్ హోటల్, అంగడి రోజైతే పానీపూరి బండి, ఇవే వాళ్ల ఆకలి తీర్చే చోట్లు. పట్నంలో షికారుకు పోయినవాళ్లు నోటి రుచికి తినే తిండి మన దగ్గర ఒక పూట భోజనం అయి కూర్చున్నది.

కొన్నేండ్ల కిందట ఒకనాడు పొద్దున్నే మా సంఘానికి కబురొచ్చింది. చుట్టుపక్కల ఒక వూళ్లో నాటుకు పోయిన ముఠాలో పద్నాలుగు మందికి అర్ధరాత్రి నుంచి వాంతులు, మోషన్లు. మేము పోయి అడిగితే చెప్పిన మాట ఒకటే: "పొద్దుమూకి బండి కాడ మిర్చి తిన్నం అన్నా, ఉల్లిగడ్డ తిన్నం, నీళ్లు తాగినం. గంతే." దవాఖానాలో సలైను ఎక్కించారు, మాత్రలిచ్చారు, రెండు రోజులకు ఇంటికి పంపారు. ప్రాణాలు దక్కినై. కాని ఒక్కొక్కరికి నాలుగైదు రోజుల కూలి పోయింది, అదీ ఏడాదిలో కాస్త కూలి దొరికే రోజుల్లో.

రోగుల మలం నమూనా తీసినవారు లేరు. బండి మీద మిగిలిన చట్నీని సీసాలో పట్టినవారు లేరు. నీళ్ల డ్రమ్ము మూత తీసి చూసినవారు లేరు. మర్నాటి మధ్యాహ్నానికి బండి మాత్రం లేదు. అధికార్లు తీయించారని కొందరు, మనవాళ్లే నలుగురు పోయి మోరిలోకి తోశారని కొందరు చెప్పారు. రెండోదే నిజమని తర్వాత తేలింది. దాచుకోవటం ఎందుకు?

బండి ఎవరిది? అదీ మన కూలి మనిషిదే. భర్త చనిపోయాడు. మోకాళ్లు వంగక, నాటు వేయలేక రెండేళ్లుగా మిర్చి వేసుకుని బతుకుతున్నది. మీటింగుకు పిలిస్తే వచ్చి మమ్మల్ని నిలదీసింది. "నా ఇంట్ల తాగే నీళ్లే గాళ్లకు పోసిన. నా బిడ్డ గుడ గవే మిర్చి తిన్నది. నాది తప్పయితే సూపియ్యుండ్రి!" చూపించటానికి మా చేతిలో ఏమీ లేదు. ఇరవై రోజుల తర్వాత, ఆ బండి మొహం చూడని మరో వాడలో ఆరుగురికి అదే రోగం వచ్చింది.

ఆమె అడిగిన ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోయి మేము తెలుసుకున్నవి మన కూలీలకు, కార్యకర్తలకు పనికొస్తాయని రాస్తున్నాము.

మొదట మామూలు విషయం. కాగే నూనెలో వేగిన మిర్చిలో క్రిమి బతకటం కష్టం. నూనెలోంచి తీసిన తర్వాత కలిసే పచ్చి ఉల్లిగడ్డ, కొత్తిమీర, చట్నీ, నీళ్లు, చేయి, చుట్టి ఇచ్చే కాగితం, వీటితోనే గండం. వేడి, తడి అనుకూలంగా వుంటే కొన్ని బాక్టీరియాలు ఇరవై నిమిషాలకు ఒకసారి రెండింతలవుతాయి. పొద్దున పదింటికి చట్నీలో ఒక్కటి పడితే, ఆ లెక్కన సాయంత్రం అయిదింటికి 20 లక్షలు దాటుతుంది. అన్నం సంగతి ఇంకో రకం. వండిన అన్నంలో కూడా చావని విత్తనం లాంటి రూపంలో వుండే క్రిమి వున్నది, పేరు బాసిల్లస్ సీరియస్. పెద్ద గంగాళంలో అన్నం గంటల తరబడి గోరువెచ్చగా వుంటే అది మొలకెత్తి విషం వదులుతుంది. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. హాస్టళ్లలో, పెండ్లిళ్లలో పొద్దున వండి రాత్రి పెట్టేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇంతవరకు పాఠశాల పుస్తకంలో వున్న మాటే. అసలు సంగతి దీని తర్వాత వుంది.

ఒకే పేరు, ఎన్నో తెగలు

వడ్లు అంటే ఒక్కటేనా? సాంబ మసూరి వేరు, తెలంగాణ సోనా వేరు, మన గోదావరి అవతలి జగిత్యాల పరిశోధనా కేంద్రం వారి సన్నాలు వేరు. గింజ చూసి, కంకి చూసి మన ఆడవాళ్లు ఇట్టే చెప్పేస్తారు. బాక్టీరియా కూడా అంతే. ఈ.కోలి అనేది మన అందరి పేగుల్లోనూ వుంటుంది, చాలా తెగలు ఏ హానీ చేయవు. కొన్ని తెగలు రక్త విరేచనాలు పుట్టించి మూత్రపిండాలు పాడుచేస్తాయి. సాల్మొనెల్లా అనేదానిలో 2,500కు పైగా రకాలున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అన్నీ ఒకేలాంటి చిన్న కడ్డీలు. తేడా అంతా జన్యువుల్లో వుంటుంది. ఈ.కోలి జన్యు రాత సుమారు 46 లక్షల అక్షరాల పొడుగు వుంటుంది. శాస్త్రజ్ఞులు ఇపుడు దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదువుతున్నారు. రెండు క్రిముల రాతల మధ్య తేడా పది అక్షరాలు మించకపోతే అవి దగ్గరి చుట్టాలు, ఈ మధ్యనే ఒక చోటి నుంచి విడిపోయినవి కావచ్చు. వేల అక్షరాల తేడా వుంటే ఏ సంబంధం లేనట్టే. కరోనా కాలంలో డెల్టా, ఒమిక్రాన్ అని మనం విన్నది ఈ చదువు వల్లనే.

దీనితో కూలివాడికి ఏమి పని అని అడగవచ్చు. చాలా పని వుంది. పది బండ్ల మీది చట్నీలు, కోసిన పండ్ల ముక్కలు, ఐసుగడ్డలు పరీక్షకు తీశామనుకుందాం. బండికో తెగ దొరికితే, ఒక్కో బండి మీదనే నాలుగైదు తెగలు దొరికితే, మురికి అనేక దారుల్లో వస్తున్నదని అర్థం. నీళ్లు, చేతులు, కూరగాయలు అన్నీ చూడాలి. పది బండ్ల మీదా ఒకే తెగ దొరికితే కథ మారిపోతుంది. పదిమంది అమ్మేవాళ్ల మీద విడివిడిగా నేరం మోపటం కుదరదు. వాళ్లందరికీ ఐసు పోసే ఫ్యాక్టరీ ఒకటి వుండవచ్చు, నీళ్లు తెచ్చే ట్యాంకరు ఒకటి వుండవచ్చు, పగిలి మోరినీళ్లు పీల్చే పైపు ఒకటి వుండవచ్చు. ఒకే కార్ఖానా సరుకులో ఏండ్ల తరబడి అదే తెగ కనిపిస్తూ వుంటే, అది యంత్రాల సందుల్లో కాపురం పెట్టిందన్న మాట. ఒక్క నమూనా చూస్తే ఇదేదీ తెలియదు, పక్కపక్కన పెట్టి పోల్చాలి.

దోసకాయ రైతు మీద పడ్డ నింద

మన మిర్చి బండికి జరిగిందే 2011లో యూరపులో జరిగింది, కాకుంటే కోట్లలో. ఆ ఏడు మే నెలలో జర్మనీలో రక్త విరేచనాల రోగం రేగింది. 3,800 మందికి పైగా పడకపట్టారు, 50 మందికి పైగా చనిపోయారు. హాంబర్గు ఆరోగ్యాధికార్లు స్పెయిన్ నుంచి వచ్చిన దోసకాయలే కారణమని ప్రకటించారు, ఎందుకంటే ఆ కాయల మీద ఈ.కోలి దొరికింది. తెల్లారేసరికి స్పెయిన్ కూరగాయలు కొనేవాడు లేడు. పంట చేలల్లో కుళ్లింది, కోత కూలీలకు పని పోయింది. తర్వాత పరీక్షిస్తే దోసకాయల మీద వున్న తెగ వేరు, రోగుల కడుపుల్లోని తెగ వేరు అని తేలింది. పేరు ఒకటే కాబట్టి పట్టుకున్నారు! రోగుల్లో వున్నది ఓ104 అనే తెగ. దాని దారి వెతుక్కుంటూ పోతే జర్మనీలోనే ఒక తోటలో మొలకెత్తించి అమ్మిన మెంతుల దగ్గర తేలింది. ఆ విత్తనం ఈజిప్టు నుంచి వచ్చింది. నష్టపోయిన రైతులకు యూరపు ప్రభుత్వాలు 21 కోట్ల యూరోలు పరిహారం ఒప్పుకోవలసి వచ్చింది. రోజు కూలి పోయిన వాళ్లకు ఎవరేమిచ్చారో మేమెక్కడా చదవలేదు.

దక్షిణాఫ్రికాది ఇంకా పెద్ద ఘోరం. అక్కడి పేదలు రొట్టెలో పెట్టుకుని వండకుండా తినే చవక మాంసపు ముద్ద ఒకటుంది, పొలోనీ అంటారు. పనికి పోయేవాళ్లకు, బడి పిల్లలకు అదే ఆధారం. 2017, 2018 సంవత్సరాల్లో లిస్టీరియా అనే క్రిమి వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, రెండు వందల మందికి పైగా చనిపోయారు. జబ్బుపడ్డవారిలో నెల నిండని పసికందులే నూటికి నలభైకి పైగా. గర్భిణి తింటే బిడ్డకు తగులుతుంది. ఫ్రిజ్‌లో పెట్టినా పెరిగే జాతి అది. రోగుల క్రిముల జన్యువులు చదివితే నూటికి తొంభైకి పైగా ఒకే తెగ! దేశమంతా వున్న రోగులలో ఒకే తెగ వుంటే మూలం ఒకటే అయ్యుండాలి. 2018 జనవరిలో సొవేటోలో ఒక శిశువిహారం పిల్లలకు వాంతులైనపుడు వాళ్లు తిన్న పొలోనీని పట్టుకుని దారి తీస్తే, పొలోక్వానేలో వున్న ఎంటర్‌ప్రైజ్ ఫుడ్స్ కంపెనీ కార్ఖానా దగ్గర ఆగింది. మార్చి 4న ఆరోగ్య మంత్రి ఆరన్ మోత్సొఅలెది పేరుపెట్టి ప్రకటించారు. సందులో పొలోనీ అమ్మే చిన్న దుకాణందారుని మీద పోవలసిన నింద, జన్యువు చదవటం వల్ల పోవలసిన చోటికి పోయింది.

మన దగ్గర?

2022లో తెలంగాణలో మేలో 2,700, జూన్‌లో 2,752 టైఫాయిడ్ కేసులు వచ్చాయని చెబుతూ, రాష్ట్ర ప్రజారోగ్య సంచాలకులు దీన్ని పానీపూరి రోగం అనవచ్చునన్నారు. టైఫాయిడ్ క్రిమి మనిషి పేగుల్లో తప్ప ఇంకెక్కడా కాపురం వుండదు. అంటే మనిషి మలం నీళ్లలో కలిస్తేనే పానీపూరిలోకి వస్తుంది. మరి ఆ నీళ్లు ఎవరి బాధ్యత? 2015లో 63 దేశాల టైఫాయిడ్ క్రిములు 1,832 తెచ్చి చదివితే, దాదాపు సగం హెచ్58 అనే ఒకే తెగవి. మందులకు లొంగని ఆ తెగ మన దక్షిణాసియాలోనే పుట్టి ఆఫ్రికా దాకా పాకింది. పానీపూరి బండివాడు దాన్ని పుట్టించాడంటే ఎవరు నమ్ముతారు?

2024 అక్టోబరులో హైదరాబాదులో మోమోలు తిని ఒక స్త్రీ చనిపోయింది, అనేకమంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ నెల 30న ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజును ఒక ఏడాది పాటు నిషేధించింది. అదే రోజుల్లో మన పక్కనే ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో ఆడపిల్లలు జబ్బుపడ్డారు. నవంబరు 25న ఒక బిడ్డ నిమ్స్‌లో కన్నుమూసింది. అంతకు ముందు 2022 జూలైలో బాసర ట్రిపుల్ ఐటీలో మధ్యాహ్న భోజనం తిని వందలాది విద్యార్థులు పడిపోయారు. ఇలాంటి ప్రతి వార్తలోనూ మనం చదివేది "కలుషిత ఆహారం" అనే రెండు మాటలు, ఒక వంటమనిషి సస్పెన్షను.

చదివే యంత్రాలు లేవా అంటే, హైదరాబాదులోనే వున్నాయి. కరోనా రకాలను అక్కడి సీసీఎంబీలో చదివారు. ఎగుమతి బాస్మతిలో మామూలు బియ్యం కలిస్తే జన్యువు చూసి పట్టే ఏర్పాటు సీడీఎఫ్‌డీలో చేశారు. విదేశీ కొనుగోలుదారుడికి బియ్యపు గింజ జాతి తెలియాలి, మంచిదే. నాటు కూలీ కడుపులో పడ్డ క్రిమి జాతి కూడా తెలియాలని మేము అడిగితే గొంతెమ్మ కోర్కె ఎట్లా అవుతుంది?

ఇంకో సంగతి. ఈ క్రిములు మందును తట్టుకునే జన్యువును ఒకదానికొకటి చేబదులు ఇచ్చుకుంటాయి, మన వాళ్లు విత్తనాలు ఇచ్చుకున్నట్టు. కోళ్ల దాణాలో పెరుగుదల కోసం వేసిన కోలిస్టిన్ మందును, మనుషులకు చివరి ఆధారంగా మిగిలిన మందు అది, 2019 జూలైలో కేంద్రం పశువులకు, కోళ్లకు వాడరాదని నిషేధించవలసి వచ్చింది. జ్వరమొస్తే పరీక్ష లేకుండా సూదిమందు పొడిపించుకోవటం మనలోనూ వున్నది. అదీ మానాలి.

ఇక చేయవలసింది. మోషన్లు పట్టుకుంటే ముందు ప్రాణం: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి, కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు ఆ పూటే చెప్పాలి. మందు మొదలుపెట్టక ముందే మలం నమూనా తీయమని డాక్టరును పట్టుబట్టాలి. మందు పడిన తర్వాత క్రిమి దొరకటం కష్టం. మిగిలిన తిండిని పారేయక, శుభ్రమైన డబ్బాలో పెట్టి చల్లగా వుంచి ఆహార భద్రతా అధికారికి అప్పజెప్పాలి. ఎవరు, ఎప్పుడు, ఏమి తిన్నారు, ఎన్ని గంటలకు మొదలైంది, తిని కూడా బాగున్నవారెవరు అని నోటు పుస్తకంలో రాసుకోవాలి. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులైతే ముందే తయారైన విషం అనుకోవచ్చు. సాల్మొనెల్లా అయితే మామూలుగా ఆరు గంటలు దాటాకే మొదలవుతుంది, రెండు మూడు రోజులు కూడా పట్టవచ్చు. ఆ పట్టిక వుంటే డాక్టరు కూడా మన మాట కొట్టిపారేయలేడు.

2006 ఆహార భద్రతా చట్టంలో 65వ సెక్షను వున్నది. చెడు ఆహారం వల్ల మనిషి చనిపోతే అమ్మిన వ్యాపారి 5 లక్షలకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. 40వ సెక్షను ప్రకారం కొన్న మనిషి కూడా ఫీజు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. అయితే పరీక్ష చేయిస్తానని కొనేటపుడే అమ్మేవాడికి చెప్పాలట! మిర్చి కొంటూ ఆ మాట చెప్పే కూలి మనిషిని మేమింతవరకు చూడలేదు. ఈ చట్టం రాసినవారు ఏనాడూ బండి దగ్గర నిలబడి తిన్నట్టు లేదు.

ఆ మిర్చి బండి ఆమె సంగతి చెప్పాలి. తోసిన నలుగురూ చందా వేసుకుని బండికి కొత్త చక్రం వేయించారు. మూతకు తాళం, కింద నల్లా వున్న నీళ్ల డ్రమ్ము సంఘం కొనిచ్చింది. చట్నీ మధ్యాహ్నం చేయటం మానేసి నాలుగింటికి చేస్తున్నది. ఆమె మాత్రం ఆ నలుగురిలో ఒకతనికి ఇప్పటికీ అప్పు పెట్టదు. పైపు పరీక్ష కోసం ఆ రెండు వాడల వాళ్లు వేలిముద్రలు, సంతకాలు పెట్టిన దరఖాస్తు ఇచ్చి వచ్చాము. రశీదు మా దగ్గర వుంది.