రంగు పొరల కింద లారీ జాతకం

సైన్యం వేలంలో వదిలించుకున్న పాత లారీని కొన్నవాళ్లకు మొదట పుట్టే ప్రశ్న ఒకటే: ఇది ఎక్కడెక్కడ తిరిగింది? రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సరుకు మోసిన జీఎంసీ సీసీకేడబ్ల్యూనే తీసుకోండి. 1941-45 మధ్య 5 లక్షల 60 వేలకు పైగా తయారైంది. మూడు ఇరుసులకూ ఇంజన్ శక్తి అందుతుంది కాబట్టి, రోడ్డు లేని చోట కూడా రెండున్నర టన్నులు లాగేది. ఇన్ని లక్షల బళ్లలో ఫలానాది ఫలానా దళానికి వెళ్లిందని చెప్పే కాగితం దొరకడం చాలా అరుదు. అందుకే బండినే చదవాలి.

బానెట్ పక్కన రంగును తడిపి, సన్న వాటర్ పేపర్‌తో మెల్లగా రుద్దాలి. పైన ఏ కాంట్రాక్టరో వేయించిన పసుపో ఎరుపో పోతుంది. దాని కింద మరో దేశపు సైన్యం వేసిన ఆకుపచ్చ బయటపడొచ్చు; యుద్ధం తర్వాత ఫ్రాన్స్, నార్వే సైన్యాలు కూడా ఈ లారీలను వాడాయి. ఇంకా కిందికి వెళ్తే అసలు ముదురు ఆలివ్ రంగు, అదృష్టం ఉంటే 4తో మొదలయ్యే సైనిక రిజిస్ట్రేషన్ నంబరు. తొలి ఏళ్లలో ఆ నంబరును మసక నీలంలో రాసేవారు, తర్వాత తెలుపుకు మార్చారు. కాబట్టి అక్షరాల రంగు కూడా సాక్ష్యమే. బంపర్ మీద ఇంకా విలువైన సమాచారం ఉంటుంది: ఒక పక్క డివిజన్, రెజిమెంటు, రెండో పక్క కంపెనీ, అందులో ఈ బండి వరస సంఖ్య.

బండి కట్టుబడి కూడా కాలం చెబుతుంది. యుద్ధం మధ్యలో ఉక్కు పొదుపు కోసం వెనక బాడీని చెక్కతో చేశారు, క్యాబిన్‌కు రేకు బదులు కాన్వాసు కప్పారు. అయితే డిపోల్లో మరమ్మతు చేసినప్పుడు ఒకదాని ఇంజన్ మరొకదానికి, ఒకదాని క్యాబిన్ ఇంకొకదానికి బిగించేవారు. డ్యాష్‌బోర్డు మీద బండి వివరాలుండే రేకు పలకలు ఇప్పుడు కొత్తవీ అమ్ముతున్నారు. అందుకే చాసిస్ మీద కొట్టిన నంబరుతో సరిపోల్చకుండా దేన్నీ నమ్మకూడదు.

ఈ లారీల యజమానులు చాలామంది తమది 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్'లో నడిచిందంటారు. ఫ్రాన్స్‌లో ముందుకు దూసుకుపోతున్న సేనలకు పెట్రోలు, తూటాలు, తిండి చేర్చిన మహా రవాణా అది. డ్రైవర్లలో నాలుగింట మూడొంతుల మంది నల్లజాతి సైనికులు. రాత్రీ పగలూ నిద్ర మానుకుని నడిపిన వాళ్ల కష్టం అది. రుజువు లేకుండా దాన్ని మన బండికి తగిలించుకోవడం వాళ్లకు అన్యాయం. ఆ రవాణా 1944 ఆగస్టు 25న మొదలై నవంబరు 16న ముగిసింది. సైన్యానికి డిసెంబరులో అందిన లారీ అందులో నడిచే అవకాశమే లేదు.

మన సైన్యం బళ్లకు ఒక సౌలభ్యం ఉంది. నంబర్ ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు తర్వాతి రెండంకెలు ఆ బండిని సైన్యం తీసుకున్న సంవత్సరం.

పాత సైనిక వాహనం మీ చేతికొస్తే, ఇసుక కొట్టించి కొత్త రంగు వేయించే తొందర వద్దు. ముందు ప్రతి పొరనూ ఫొటో తీయండి, ప్రతి నంబరునూ రాసి పెట్టుకోండి. ఒకసారి ఇసుక కొట్టాక ఆ అక్షరాలు మళ్లీ రావు.