కొలతలో న్యాయం

శ్రమకు ప్రతిఫలం నిర్ణయించే పద్ధతులు ప్రధానంగా రెండు. పొద్దు లెక్కన ఇచ్చేది దినకూలి. పని లెక్కన ఇచ్చేది గుత్త. దినకూలిలో చురుకైన వానికీ మందకొడికీ ఒకే వేతనం. గుత్తలో ఎంత పనికి అంత రాబడి. కనుక గుత్త పద్ధతి శ్రమను పెంచుతుందని సాధారణ అభిప్రాయం. అయితే పనిని కొలిచే కొలత న్యాయమైనది కానప్పుడు ఆ ఉత్సాహం నిలుస్తుందా? రాయలసీమ చరిత్ర ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది.

1876-78 నాటి మహాక్షామంలో కడప, కర్నూలు, బళ్లారి ప్రాంతాల ప్రజలు వేలాదిగా కరవు పనులకు తరలివెళ్లారు. 1877లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా మద్రాసు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖర్చు తగ్గించదలచి, పనిచేసే పురుషునికి రోజుకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యం, దానిపై కొద్దిపాటి సొమ్ము చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ దీనిని తీవ్రంగా వ్యతిరేకించాడు. చివరకు ఆ ఏడే కూలి పెంచవలసి వచ్చింది. కడుపు నిండని కూలితో కష్టాన్ని రాబట్టలేరు.

2005లో పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టాన్ని ఆమోదించింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో పథకం ప్రారంభమైంది. తొలి విడత 200 జిల్లాలలో కడప కూడా ఒకటి. స్త్రీ పురుషులకు సమాన వేతనం ఆ చట్టం నియమం. ఏడు గంటలు పనిచేసిన సామాన్య వ్యక్తికి నిర్ణీత వేతనం దక్కేటట్లు పని ధరలు ఉండాలని ఆనాటి చట్టం నిర్దేశించింది.

ఇక్కడే చిక్కు ఉన్నది. వాన కురిసిన రేగడిలో గునపం సులువుగా దిగుతుంది. మండు వేసవిలో గరుసు నేలపై అదే గునపం ఖంగున మోగి వెనుదిరుగుతుంది. గొయ్యి కొలత ఒకటే అయినా చెమట ఒకటి కాదు. రెండింటికీ ఒకే ధర కడితే గరుసు నేల తవ్విన కూలి నష్టపోతాడు. తన కష్టానికి విలువ లేదని తోచిన మరునాడు అతని చేయి మందగిస్తుంది. అది సోమరితనం కాదు. అన్యాయానికి మౌన నిరసన. అందువలననే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నేల స్వభావాన్ని బట్టి వేర్వేరు ధరలు, వేసవిలో అదనపు భత్యం ఏర్పరచారు.

మరొక సమస్య సమష్టి కొలత. పదిమంది తవ్విన గోతిని కలిపి కొలిచి కూలి సమంగా పంచితే బలవంతుడు నొచ్చుకోవచ్చు. విడివిడిగా కొలిస్తే వృద్ధురాలి కూలి తరుగుతుంది. తమకు నచ్చినవారితో కలసి జట్టు కట్టుకునే వీలుంటే ఈ ఘర్షణ కొంత తగ్గుతుంది. తరువాతి కాలంలో ఏర్పడిన శ్రమశక్తి సంఘాల వెనుక ఉన్న ఆలోచన ఇదే.

ధర ఒక్కటే చాలదు. కొలత కూలి కళ్లెదుట జరగాలి. లెక్క అతనికి అర్థం కావాలి. డబ్బు సకాలంలో చేతికి అందాలి. పదిహేను రోజులు మించరాదన్న చట్ట నియమం, గ్రామసభలో లెక్కలు చదివి వినిపించే సామాజిక తనిఖీ ఈ ఉద్దేశంతో వచ్చినవే. ఆశ చూపి పని చేయించడం కొన్నాళ్లే సాగుతుంది. కొలత నిజమైనదన్న నమ్మకమే శ్రామికుని చేతికి నిలకడైన బలం.