తేడా నేలదా, విత్తనానిదా?

పత్తికొండ ఎర్రనేలలో ఒకే రకం వేరుశనగ, ఒకే పదునులో, ఒకే గొర్రుతో వేసిన చేను. పక్కపక్క చెట్లు పీకి చూస్తే ఒకదానికి 20 బుడ్డలు, ఇంకోదానికి 6. ఇరవై కాసిన చెట్టు గింజే విత్తనానికి దాచుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ అది గింజ గొప్పతనం కాకపోవచ్చు. ఆ చెట్టు కింద మన్ను జానెడు లోతు ఎక్కువుండి ఉండవచ్చు, వాన నీరు అక్కడ కాసేపు నిలిచి ఉండవచ్చు. కర్నూలు, కడప మెట్టపొలాలకు కొత్త రకం వెతికేవాళ్లకు మొదటి చిక్కు ఇదే.

అందుకే ప్రయోగ క్షేత్రంలో ఒక్కో రకాన్ని మూడేసి చోట్ల, ఏది ఎక్కడో లాటరీ తీసి వేస్తారు. గట్టు పక్క వరసలు వదిలేసి పూతకు పట్టిన రోజులు, కాయలు, 100 గింజల బరువు, కట్టె బరువు రాసుకుంటారు. ఒకే రకం మూడు చోట్లా ఎంత మారిందో చూస్తే నేల వాటా తెలుస్తుంది. అది తీసేశాక రకానికీ రకానికీ మధ్య మిగిలేది విత్తనం వాటా. మొత్తం తేడాలో ఈ వాటాకే అనువంశికత అని పేరు. గింజ బరువులో, పూత రోజుల్లో ఇది సాధారణంగా ఎక్కువ. కాయ దిగుబడిలో తక్కువ, పైగా ఏడాదికోలా ఉంటుంది. రైతు అడిగేది మాత్రం దిగుబడే! ఒక్క కారులో, నీళ్లు పెట్టిన మడిలో లెక్కగట్టి 'అనువంశికత ఎక్కువ' అని తేల్చే పరిశోధన పత్రాల్ని నేను సగమే నమ్ముతాను. బెట్టకొచ్చిన పులివెందుల చేలో ఆ అంకె నిలవదు.

దిగుబడిని నేరుగా పట్టలేనప్పుడు దాని వెనకున్న లక్షణాన్ని పట్టాలి. తాగిన ప్రతి చుక్కకూ ఎంత మొక్క పెరిగిందన్నది అలాంటిది. దాన్ని చేలో కొలవడం గగనం. మందపాటి ఆకున్న రకాలు నీటిని పొదుపుగా వాడుకుంటాయని మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గమనించారు. మందపాటి ఆకులో పచ్చదనం చిక్కగా ఉంటుంది. దాంతో ఆకును రెండు దవడల మధ్య పట్టి పచ్చదనం చెప్పే చిన్న మీటరుతో వందల రకాల్ని త్వరగా వడకట్టే వీలు చిక్కింది.

బెట్ట ఒక్కటే కాదు. కాయ ముదిరాక వాన పట్టుకుంటే గుత్తిరకాల గింజ పొలంలోనే మొలకెత్తుతుంది. పీకాక రెండు మూడు వారాలు గింజ నిద్రపోతే ఆ నష్టం తప్పుతుంది. కట్టె సంగతీ అంతే. కరువు ఏడు కాయ పోయినా పశువులకు అదే మేత. కాయ ఒక్కటే తూచే ప్రయోగం సగం పంటను లెక్కలోంచి వదిలేసినట్టే.

అసలు వేరుశనగలో జన్యుపరంగా తేడాలే తక్కువ. దక్షిణ అమెరికాలో రెండు అడవి జాతులు అరుదుగా కలిసి పుట్టిన మొక్క ఇది. రెండింటి క్రోమోజోములూ కలిసి 40 అయ్యాయి, దాంతో అడవి బంధువులతో సంబంధం దాదాపు తెగిపోయింది. అందుకే ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లను తట్టుకునే గుణం కోసం ఆ బంధువుల దగ్గరికే పోవాల్సి వచ్చింది. సంకరమూ ఓపిక పనే. పువ్వు విచ్చుకునేలోపే తన పుప్పొడి తనపైనే రాల్చుకుంటుంది. సాయంత్రం మొగ్గను పట్టకారుతో తెరిచి, కీలాగ్రానికి గీత పడకుండా కేసరాలు తీసేసి, తెల్లారి వేరే రకం పుప్పొడి అద్దాలి. తర్వాత ఊడ దిగి మట్టిలో కాయ కట్టాలి. ఒక్కో సంకరానికి దక్కేది కొద్ది గింజలే.

ఆ గింజల్లోంచి రకం తేలినా చేలకు చేరడం నిదానమే. ఎకరాకు 60 కిలోలకు పైగా గింజలు కావాలి, ఒక కారులో అవి పదింతలు కావడమే గొప్ప. 1940లో తిండివనంలో విడుదలైన టీఎంవీ-2 అన్ని దశాబ్దాలు సీమ చేలను వదలకపోవడానికి ఇదీ ఒక కారణం. 1978లో కదిరి-3 వచ్చింది, ఆ తర్వాత కదిరి-6, కదిరి-9, ఈమధ్య కదిరి లేపాక్షి. వీటిలో ఏది కొనాలన్నా తొలకరికి ముందే విత్తనానికి డబ్బు సర్దుకోవాలి, లేదా నిరుటి బుడ్డలే ఒలుచుకోవాలి.