విదేశాంగ పరిశోధన - విద్యార్థి శిక్షణ

విదేశాంగ విధానమనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి రాయబారుల విందులు, కరచాలనాలు, పత్రికలలోని ఛాయాచిత్రాలు. ఆ కరచాలనానికి ముందు ఎవరో ఒకరు పాత దస్త్రాలు తిరగవేసి, తేదీలు సరిచూసి, రెండు పుటల నివేదిక తయారు చేసి ఉంటారు. ఇంటర్న్‌షిప్ అనే పేర విద్యార్థికి లభించే శిక్షణ ఈ రెండవ పనికి సంబంధించినది. దీనిని గురించి మన కళాశాలలో తెలిసినవారు తక్కువ కాబట్టి నాలుగు మాటలు వ్రాయ సంకల్పించాము.

ఇట్టి శిక్షణ ఇచ్చే సంస్థలు ఎక్కువగా ఢిల్లీలో ఉన్నవి. విదేశాంగ మంత్రిత్వ శాఖ స్వయంగా పట్టభద్రులైన యువకులను కొద్ది నెలలపాటు తీసుకొంటుంది. స్వతంత్ర పరిశోధన సంస్థలూ కలవు. వానిలో ఒకటి 1943లో ఏర్పడిన భారత ప్రపంచ వ్యవహారాల మండలి. సప్రూ హౌస్ అనే దాని భవనం పేరుతోనే అది ప్రసిద్ధి. 1947లో ఢిల్లీలో జరిగిన ఆసియా సంబంధాల మహాసభను నిర్వహించింది ఈ మండలియే. 2001లో పార్లమెంటు చట్టం ద్వారా దీనికి జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు లభించింది.

అక్కడ విద్యార్థి చేసే పని పైకి చప్పగానే కనిపిస్తుంది. ఒక దేశాన్ని గురించిన పత్రికా వార్తలను వరుస క్రమంలో పేర్చడం, రెండు సంయుక్త ప్రకటనలను పక్కపక్కన పెట్టి ఏ మాట చేరిందో ఏ మాట జారిపోయిందో గుర్తించడం, ఒప్పందాల పట్టిక తయారు చేయడం - ఇవే. ఈ పని విలువ ఎంతటిదో మన హైదరాబాదుకు సంబంధించిన ఒక వ్యవహారం చక్కగా తెలుపుతుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత ప్రభుత్వ వశమవుతున్న రోజులలో, లండనులోని బ్యాంకులో ఉన్న నిజాం ప్రభుత్వపు సొమ్ము, పది లక్షల పౌనులకు పైచిలుకు, బ్రిటనులోని పాకిస్తాన్ హైకమిషనర్ రహీమ్‌తూలా పేరిట ఉన్న ఖాతాకు బదిలీ అయింది. తన అనుమతి లేకుండానే ఇది జరిగిందని నిజాం కొద్ది రోజులలోనే తెలిపి, సొమ్ము తిరిగి ఇవ్వమని కోరారు. బ్యాంకు ఇవ్వలేదు. వ్యాజ్యం 1957లో ప్రభువుల సభ దాకా వెళ్లింది. పరాయి ప్రభుత్వాన్ని దాని సమ్మతి లేకుండా న్యాయస్థానానికి ఈడ్వరాదన్న సూత్రం అడ్డు వచ్చి అక్కడే నిలిచిపోయింది. 2013లో పాకిస్తానే ఆ సొమ్ముకై దావా వేయడంతో ఆ అడ్డు తొలగింది. ఆయుధాల నిమిత్తం చెల్లించిన మొత్తమని ఆ దేశం వాదించింది. లండను హైకోర్టు 2019 అక్టోబరులో ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, భారతదేశమూ నిజాం మనుమలిద్దరూ ఆ సొమ్ముకు హక్కుదారులని తీర్పు చెప్పింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌనులైంది. డెబ్బది యేండ్లు గడిచాయి. నాటి ముఖ్యులెవరూ జీవించి లేరు. మిగిలినవి లేఖలు, తంతులు, బ్యాంకు పత్రాలు. ఏ తేదీన, ఎవరి అధికారంతో, ఎవరు సంతకం చేశారన్నది ఆ కాగితాల నుండే తేలవలసి వచ్చింది.

మన విద్యార్థులకు ఇక్కడ ఒక సదుపాయం ఉన్నది. వారు దానిని సదుపాయమని ఎంచరు, అది వేరు సంగతి. ఉర్దూ, తెలుగు రెండూ చదువగలవారు పరిశోధన సంస్థలలో సులభంగా దొరకరు. భాషా జ్ఞానం దౌత్యంలో అలంకారం కాదనడానికి 1967లో భద్రతా మండలి ఆమోదించిన 242వ తీర్మానమే సాక్ష్యం. ఇజ్రాయెల్ వైదొలగవలసిన ప్రాంతాలను పేర్కొన్నచోట ఇంగ్లీషు ప్రతిలో నిర్దేశకమైన చిన్న ఉపపదం లేదు. ఫ్రెంచి ప్రతిలో ఉన్నది. అన్ని ప్రాంతాలనుండియా, కొన్నింటి నుండియా అన్న వివాదం దీనిని పట్టుకొనే సాగుతున్నది. అట్టి ఉపపదం తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. మనవారు అనువదిస్తే ఆ చిక్కు ఏ రూపం దాల్చేదో ఆలోచించదగినదే!

ఢిల్లీ వెళ్లకుండానే ప్రారంభించదగిన పని కూడా కలదు. తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో మొగలుల కాలం నుండి నిజాముల కాలం వరకు గల పత్రాలలో అధికభాగం ఫారసీ, ఉర్దూ భాషలలో ఉన్నవి. గల్ఫ్ దేశాలకు వెళ్లిన శ్రామికుల సమస్యలు విదేశాంగ విషయమే గదా! పాతబస్తీలో, కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాలలో ఆ కుటుంబాలతో వారి భాషలోనే మాట్లాడగల విద్యార్థి ఏ రాజధాని పండితునికీ తీసిపోడు. అట్టి అధ్యయనం పది పుటలుగా వ్రాసి దరఖాస్తుకు జతపరిస్తే, మార్కుల పట్టిక చెప్పలేని సంగతి అది చెబుతుంది. హైదరాబాదు నుండి విదేశాంగ సేవకు వెళ్లినవారు లేకపోలేదు. నేతాజీకి కార్యదర్శిగా ఉండిన ఆబిద్ హసన్ సఫ్రానీ తరువాత డెన్మార్కులో మన రాయబారి అయ్యారు. ఉస్మానియా వైస్ ఛాన్సలర్ అలీ యావర్ జంగ్ ఈజిప్టు, ఫ్రాన్స్, అమెరికాలలో రాయబారిగా పనిచేశారు. అయితే వారు సంపన్న, విద్యాధిక కుటుంబాలవారు.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. మంత్రిత్వ శాఖ నెలకు 10,000 రూపాయల గౌరవ భృతిని, రాకపోకల విమాన ఛార్జీని ఇస్తుంది. వసతి మాత్రం ఎవరికి వారే చూసుకోవాలి. ఢిల్లీలో గది అద్దె, భోజనం ఆ భృతితో గడవడం కష్టం. కొన్ని సంస్థలు అసలు ఏమీ ఇవ్వవు. కనుక అర్హత గలవాడు ఇంటిలో ఉండిపోగా, ఢిల్లీలో బంధువులున్నవాడు అవకాశం పొందుతాడు. ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న కూడా వసతిని గురించినదే. ఆ ప్రశ్న న్యాయమైనది.

కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం కొద్దిపాటిది. ఏటా ఇద్దరు విద్యార్థులకు, వారిలో ఒకరు బాలిక అయ్యేటట్లు, రెండు నెలల వసతి ఖర్చు భరించే చిన్న నిధిని ఏర్పరచవలెను. ఢిల్లీలో ఉన్న పూర్వ విద్యార్థుల చిరునామాలు కార్యాలయంలో సేకరించి ఉంచవలెను. అభిలేఖాగారంలో ప్రవేశానికి కావలసిన పరిచయ లేఖ అడిగిన రోజుననే ఇప్పించవలెను. ఈ మూడవ దానికి ఖర్చేమీ లేదు. ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చును.