సాయం పోయింది, తిట్టు తిట్టుగా పట్టింది

కోవిల్‌పట్టి వైపు మా తెలుగు ఇళ్ళల్లో "చీర సాయం పోయింది" అంటే చీర ఎవరికో సాయం చెయ్యడానికి వెళ్ళిందని కాదు, రంగు దిగిపోయిందని. గుంటూరు నుంచి వచ్చే చుట్టాలు ఈ మాట వినగానే నవ్వుతారు. "మీ తెలుగు పాడైపోయింది" అంటారు. ఇలాంటివి వినీ వినీ మా పిల్లలు వాళ్ళ ముందు తమిళమే మాట్లాడుతున్నారు. అందుకే ఈ సాయం సంగతి కాస్త వివరంగా రాస్తున్నా.

అక్కడి సాయం 'సహాయం' నుంచి వచ్చింది. మాది తమిళ సాయం, అంటే బట్టకి వేసే రంగు. చామనఛాయ అంటామే, ఆ ఛాయకి చుట్టం. ఎర్ర రంగిచ్చే చిరివేరుని తమిళంలో సాయవేర్ అంటారు. ఇంగ్లీషు వర్తకుల నోట అదే చాయ్ రూట్ అయి, 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది.

మా అవ్వ కాలంలో వెలిసిపోయిన నూలు చీరల్ని ఇంట్లోనే రంగు వేసుకునేవాళ్ళు. అంగట్లో సాయప్పొడి పొట్లం కొని, పాత తగరపు డబ్బాలో నీళ్ళు మరగబెట్టి, గుప్పెడు ఉప్పేసి ముంచడమే. ఉప్పు ఊరికే వెయ్యరు. నీళ్ళలో ఉన్న రంగుని నూలు పట్టుకునేలా చేసేది అదే. కొత్త బట్టైతే ముందు గంజి పోయేదాకా ఉతకాలి, లేకపోతే రంగు లోపలికి దిగదు. పొడి సరిగ్గా కరక్కపోయినా, కర్రతో తిప్పకుండా వదిలేసినా మచ్చలు పడతాయి. దానికి మా మాట "తిట్టు తిట్టుగా పట్టింది". తమిళంలో తిట్టు అంటే మచ్చ అని కూడా అర్థం. తెలుగు తిట్టు సంగతి చెప్పక్కర్లేదు. చీర తిట్టు తిట్టుగా వచ్చిన రోజు మా ఇంట్లో రెండర్థాలూ సరిపోయేవి!

గమనించండి, కొనుక్కొచ్చినవన్నీ తమిళం పేర్లే. సాయప్పొడి, కడుక్కాయి (మీ కరక్కాయ), మంజ. చేసే పనులు మాత్రం తెలుగు. నానెయ్, ముంచు, పిండు, జాడించు, ఆరెయ్. అంగడిలో తమిళం, పెరట్లో తెలుగు. గుట్టు బయటపడితే తమిళులు సాయం వెళుత్తుప్పోచ్చు అంటారు, మేం "వాడి సాయం ఎలిసిపోయింది" అంటాం. పేరు వాళ్ళది, క్రియ మనది. పాడైన భాషలో క్రియలు ఇంత గట్టిగా నిలబడతాయా?

పసుపు దగ్గర ఇంకో విశేషం. రంగుని మంజ అన్నా, మారియమ్మ మొక్కుకి కట్టే బట్ట మాత్రం మా ఇంట్లో "పసుపు బట్ట"నే. తెల్ల నూలు బట్టని పసుపు నీళ్ళలో ముంచి ఆరేస్తారు. దాన్ని తెలియక సబ్బుతో ఉతికితే ఎర్రబారుతుంది. కొత్త కోడళ్ళు రక్తమేమో అని హడలిపోయేవాళ్ళు. సబ్బులోని క్షారం తగిలి పసుపు ఎర్రబడుతుంది, అంతే. పారాణిలో సున్నం చేసే పనీ ఇదే. నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు పచ్చగా అవుతుంది. ఎండలో వదిలేస్తే మాత్రం ఎలిసిపోతుంది. అందుకే పసుపు మరక వదలకపోతే అవ్వ సబ్బు అరగదియ్యనిచ్చేది కాదు, "ఎండకెయ్యి, అదే పోతాది" అనేది.

నీలి మొక్కని తమిళంలో అవురి అంటారు. అది అరువు మాటేననుకుంటారు చాలామంది. కానీ బ్రౌన్ నిఘంటువులో అవిరి అని తెలుగు మాటే ఉంది. అంటే మా నోట వినపడే ప్రతి 'తమిళ' మాటా తమిళం కాదు.

ఇప్పుడు ఇంట్లో రంగు వేసేవాళ్ళు లేరు. డబ్బా, కర్ర పోయాయి, కడుక్కాయి మందుకే మిగిలింది. సాయం మాత్రం వాషింగ్ మెషీన్లో ఎర్ర తువ్వాలు తెల్ల పంచెని గులాబీగా మార్చిన రోజున ఇంకా వినపడుతుంది.

హోసూరు, కృష్ణగిరి వైపు వాళ్ళు దీన్ని ఏమంటారు? కన్నడ 'బణ్ణ' కలుపుతారా, రంగు అనే అంటారా? మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి రాయండి.