నడివేసవిలో పుట్టిన శీతకాలపు పాట

క్రిస్మస్ సమీపించినంతనే బ్రిటన్ దేశమున అంగళ్ళయందును, రేడియోలయందును, కాఫీ హోటళ్ళయందును తప్పక వినవచ్చు పాటలలో ‘లాస్ట్ క్రిస్మస్’ ఒకటి. వామ్ అను జంట పేరిట 1984 డిసెంబరులో వెలువడిన యీ గీతము ఏటేటా చలితోపాటు మరలివచ్చుచుండుటయు, ఇంతటి ప్రీతిపాత్రమయ్యును 36 ఏండ్లకుగాని స్వదేశపు చార్టులో ప్రథమస్థానము నందుకొనకపోవుటయు విచిత్రమైన విషయములు.

ఆ జంటలో పాటలు కట్టువాడు జార్జి మైకేల్. సైప్రస్ ద్వీపమునుండి వలసవచ్చిన గ్రీకు తండ్రికి లండనులో జన్మించిన యీ యువకునికి అప్పటికి ఇరువదియొక్క యేండ్లు. ఒకనాడు చెలికాడైన ఆండ్రూ రిడ్జిలీతో తలిదండ్రుల యింట భుజించి, టెలివిజను ముందు విశ్రమించియున్నవాడు, ఏదియో స్ఫురించినట్లు చప్పుడు చేయక మేడమీదికి పోయెనట. గంటసేపటికి ఉత్సాహముతో దిగివచ్చి మిత్రుని వెంటబెట్టుకొని తన పాతగదికి పోయి, ఆరంభపు వాద్యఖండమును పల్లవి బాణీని వినిపించెననియు, చిన్ననాడు తామిరువురును ఉత్తుత్తి రేడియో కార్యక్రమములు రికార్డు చేసికొని మురిసినది ఆ గదియందేయనియు రిడ్జిలీ తరువాత చెప్పియున్నాడు.

రికార్డింగు జరిగినది లండనులోని అడ్విజన్ స్టూడియోలో, అదియు ఆగస్టు మాసమున! వెలుపల వేసవి యెండ కాయుచుండగా, లోపల క్రిస్మస్ తోరణములును రంగుదీపములును గట్టి పండుగ వాతావరణమును కల్పించుకొనిరి. వాద్యకారుల నెవ్వరిని పిలువలేదు. లిన్ అను డ్రమ్ యంత్రమును, రోలండ్ జూనో అను సింథసైజరును, మంచుబండ్ల గుఱ్ఱములకు గట్టెడి మువ్వలను జార్జి తానొక్కడే వాయించెను. శాస్త్రోక్తముగా కీబోర్డు నేర్చినవాడు కాకపోవుటచే రెండు మూడు వ్రేళ్ళతో మీటుచు, తప్పినచోట మరల మొదలిడుచు, ఒక్కొక్క వరుసను పేర్చుకొనుచు వచ్చెననియు, అది మిక్కిలి శ్రమతో గూడిన పనియనియు అచట సౌండు ఇంజనీరుగా నున్న క్రిస్ పోర్టర్ చెప్పును. మొదటినుండి తుదివరకు పాటయంతయు నాలుగే స్వరసంపుటుల (కార్డుల) చుట్టును తిరుగును. ఆ నిరాడంబరతయే దానికి బలమని నా విశ్వాసము. ఘనులైన వాద్యకారులు పదిమంది కూడియుండిన యెడల ఇంతటి యేకాంతము ఆ పాటకు అబ్బియుండెడిది కాదు.

ఏలయన నిది పేరునకు పండుగపాటయే కాని, నిజమునకు విరహగీతము. నిరుటి పండుగనాడు సమర్పించిన హృదయమును మరునాడే త్రోసిపుచ్చిన ప్రియురాలిని తలంచుకొని కుందుచు, ఈ యేడు మోసపోనని నిశ్చయించుకొనువాని మాటలవి. మువ్వల సవ్వడిలో వేడుకయు, మాటలలో వేదనయు ఏకకాలమున వినవచ్చును. స్విట్జర్లండులోని సాస్‌ఫే గ్రామమున మంచుకొండల నడుమ చిత్రించిన వీడియోలోను ఇదియే కథ: నాయకుడు తొల్లి ప్రియురాలికిచ్చిన పతకము నేడామె క్రొత్త చెలికాని కోటుపై మెఱయుచుండును.

పాట వెలువడిన తరుణమున ఇథియోపియాలో ఘోరక్షామము నెలకొనియుండెను. బాబ్ గెల్డాఫ్, మిడ్జ్ యూర్ పూనికతో ప్రసిద్ధ గాయకులనేకులు బాండ్ ఎయిడ్ పేరిట గూడి క్షామనివారణార్థము పాడిన పాట అగ్రస్థానము నాక్రమింపగా, ‘లాస్ట్ క్రిస్మస్’ ఐదు వారములు ద్వితీయస్థానమున నిలిచిపోయెను. ఆ పాడినవారిలో జార్జియు నొకడు. తన పాటకు అడ్డు నిలిచిన పాటలో తన కంఠమును వినిపించుటయేగాక, ‘లాస్ట్ క్రిస్మస్’ వలన వచ్చిన రాయల్టీలను సైతము ఆ క్షామనిధికే సమర్పించెను. పదిలక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయియు శిఖరము నెక్కని పాటగా అది చిరకాలము పేరొందెను.

ఆ దినములలో చార్టులకు ఆధారము దుకాణములలోని రికార్డుల యమ్మకమే. పండుగ ముగియగానే పండుగపాటల రికార్డులు అటకెక్కెడివి. ఇంట రికార్డున్నవాడు ఎన్నిమారులు విన్నను లెక్కకు రాదు. 2007 నుండి రికార్డు అంగడిలో లేకున్నను డౌన్‌లోడులు లెక్కకు వచ్చెను. 2014 జూలైలో స్ట్రీమింగును చేర్చుటతో వినికిడియు కొలమానమాయెను. పాత పాటలు శీతకాలమందు మరల పైకెగబ్రాకుటకు కారణమిదియే. దీనిని క్రొత్తపాటలకు అన్యాయమనువారు కలరు. ప్రజలు నిజముగా వినుచున్నదానిని లెక్కించుటలో అన్యాయ మేమున్నదో నాకు గోచరింపదు.

జార్జి మైకేల్ 2016 డిసెంబరు 25న, సరిగా క్రిస్మస్ నాడే, ఏబదిమూడవ యేట దివంగతుడయ్యెను. 2021 జనవరి 1న ప్రకటితమైన చార్టులో అతని పాట తొలిసారి ప్రథమస్థానము నలంకరించెను. అయినను పండుగవారపు అగ్రస్థానమునకై బ్రిటన్‌లో సాగు పోటీ వేఱు. ఆ గౌరవము 2023లో, పాట వెలువడిన 39 ఏండ్లకు దక్కినది. మరుసటి యేడు 2024లోను అదియే గెలిచెను. వరుసగా రెండేండ్లు క్రిస్మస్ అగ్రగీతమైన పాట అంతకుముందు మఱియొకటి లేదు.