ఏడు అస్థిపంజరాలు, నాలుగున్నర నెలలు

నేలను చీల్చుకుని అస్థిపంజరాలు లేస్తాయి. చేతుల్లో కత్తులు, డాళ్లు. మెల్లగా నాలుగడుగులు వేసి, కీచుమని అరిచి, ముగ్గురు మనుషుల మీద విరుచుకుపడతాయి. 1963లో వచ్చిన ‘జేసన్ అండ్ ది ఆర్గోనాట్స్’లోని ఈ పోరు తెరమీద అయిదు నిమిషాలు కూడా ఉండదు. ఆ అస్థిపంజరాలను కదిలించడానికి మాత్రం యానిమేటర్ రే హ్యారీహౌసెన్‌కు నాలుగున్నర నెలలు పట్టింది. పురాణంలో డ్రాగన్ పళ్లు విత్తితే సాయుధులైన యోధులు మొలుస్తారు. సినిమాలో ఆ పళ్లు ఏడుతలల హైడ్రావి అయ్యాయి, యోధులు అస్థిపంజరాలయ్యారు. ఈ మార్పు వెనక ఎంత తెలివి ఉందో తర్వాత చూద్దాం.

సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. నటుడు తనంతట తాను కదులుతాడు. అస్థిపంజరాలు మాత్రం బొమ్మలు. బొమ్మ కదలదు కాబట్టి దాన్ని చేత్తో వెంట్రుకవాసి జరిపి, ఒక ఫ్రేము తీసి, మళ్లీ జరపాలి. జరిపిన చోటే నిలవాలంటే లోపల బిగువైన కీళ్లున్న లోహపు చట్రం ఉండాలి. హ్యారీహౌసెన్ బొమ్మలకు అలాంటి చట్రాలను చాలాకాలం వాళ్ల నాన్నే ఇంట్లో లేత్ మీద తయారుచేసి ఇచ్చాడు.

ఇక లెక్క చూడండి. ఒక్కో అస్థిపంజరానికి తల, రెండు చేతులు, రెండు కాళ్లు. ఏడింటికీ కలిపి 35 కదలికలు, అదీ ఒక్క ఫ్రేముకు! రోజంతా వంగి పనిచేస్తే 13 ఫ్రేములు పూర్తయిన రోజులున్నాయి. అంటే తెరమీద అరసెకను పైన కాస్త. మధ్యలో ధ్యాస మళ్లిందా, నాలుగో అస్థిపంజరం చెయ్యి పైకి పోతోందో కిందికి వస్తోందో గుర్తుండదు. అందుకే బొమ్మ పక్కన సన్నని సూది ఉన్న చిన్న స్టాండు పెట్టి, కదపకముందు చెయ్యి ఎక్కడుందో గురుతు పెట్టుకుని, దాన్ని తీసేసి ఫ్రేము తీసేవాడు. అంత పనీ ఆయన ఒక్కడే చేశాడు.

బొమ్మను ఆడించడం ఒక ఎత్తయితే, దాన్ని మనుషుల మధ్యన నిలబెట్టడం ఇంకో ఎత్తు. ముందు అస్థిపంజరాల స్థానంలో స్టంట్‌మెన్‌ను నిలబెట్టి పోరాటం రిహార్సల్ చేయించారు. తర్వాత వాళ్లను తప్పించి, నటులచేత అదే పోరాటాన్ని గాలితో చేయించి చిత్రీకరించారు. ఆ ఫిల్మును స్టూడియోలో చిన్న తెరమీద వెనకనుంచి ఒక్కో ఫ్రేమే వేస్తారు. తెర ముందు బల్లమీద బొమ్మ, దాని ముందు ఒక గాజుపలక, దానికి ఇవతల కెమెరా. బొమ్మ పాదాలు ఆనాల్సిన గీత వెంబడి గాజుమీద కింది భాగానికి నల్లరంగు పూస్తారు. దాంతో బల్ల కనిపించదు, ఫిల్ములో ఆ మేర వెలుగు పడకుండా ఖాళీగా మిగులుతుంది. తర్వాత ఫిల్మును వెనక్కి తిప్పి, ఈసారి పైభాగాన్ని మూసి, తెరమీది నేల భాగాన్ని ఆ ఖాళీలో నింపుతారు. వెనక కొండలు, ముందు నేల, నడుమ రాక్షసుడు. 1958లో ‘ది సెవెన్త్ వాయేజ్ ఆఫ్ సింద్‌బాద్’ విడుదలైనప్పుడు ఈ పద్ధతికి ‘డైనమేషన్’ అని పేరుపెట్టి ప్రచారం చేశారు. ఒకే ఫిల్మును మూసి తెరిచి రెండుసార్లు వాడడం మన జానపద, పౌరాణిక చిత్రాల ఛాయాగ్రాహకులకూ బాగా తెలిసిన విద్యే. అయితే అక్కడ అతికేది మనిషి పక్కన మనిషిని, ఇక్కడ మనిషి పక్కన జానెడు బొమ్మను.

ఇంత చేసినా కదలికలో ఒక అదురు ఉంటుంది. చాలామంది దాన్ని పనితనం లోపమనుకుంటారు. అసలు కారణం షట్టర్‌లో ఉంది. మామూలు సినిమా కెమెరాలో ఒక్కో ఫ్రేముకు సుమారు 1/48 సెకను వెలుగు పడుతుంది. సెకనుకు మూడు మీటర్ల వేగంతో ఊపిన చెయ్యి ఆ కాస్త వ్యవధిలోనే ఆరు సెంటీమీటర్లు జరిగిపోతుంది. కాబట్టి ఫిల్ముమీద అలుక్కుపోయినట్టు పడుతుంది. ఆ మసకే ఒక ఫ్రేమును తర్వాతి ఫ్రేముతో కలుపుతుంది. బొమ్మ మాత్రం ఫోటో తీసేటప్పుడు కదలకుండా ఉంటుంది. ప్రతి ఫ్రేమూ నిక్కచ్చిగా, అంచులు తేరి వస్తుంది. కన్ను వాటిని అతకలేక తడబడుతుంది.

హ్యారీహౌసెన్ గొప్పతనం నా దృష్టిలో ఇక్కడే ఉంది. కండ లేని ఎముకలు ఎలా నడుస్తాయో ఎవరూ చూడలేదు. కాబట్టి అవి అదిరితే మనం తప్పుపట్టం, ఇంకా జడుసుకుంటాం. ‘జేసన్’లోనే తాలోస్ అనే కంచు భూతం మెడ తిప్పినప్పుడు లోహం కిర్రుమంటుంది. అది బిగుసుకుపోయినట్టు నడవాలనే ఆయన కావాలని అలా కదిపాడు. 1981 నాటి ‘క్లాష్ ఆఫ్ ది టైటన్స్’లో మెడూసా అనే రాక్షసి కాళ్లు లేక చేతులతో ఈడ్చుకుంటూ, మంటల వెలుగులో నెమ్మదిగా వస్తుంది. నెమ్మదైన కదలికకు మసకతో పెద్దగా పనిలేదు. అదే చిత్రంలో రెక్కల గుర్రం పెగాసస్ నాకు నచ్చదు. గుర్రం పరుగు అందరం చూసిందే, దొంగతనం ఇట్టే దొరికిపోతుంది.

అదే ఏడాది వచ్చిన ‘డ్రాగన్‌స్లేయర్’లో ఫిల్ టిప్పెట్ తదితరులు ఈ అదురుకు విరుగుడు కనిపెట్టారు. బొమ్మకు లోహపు ఊచలు తగిలించి, కంప్యూటర్ నడిపే మోటార్లతో షట్టర్ తెరిచి ఉన్నప్పుడే దాన్ని కదిపారు. దీనికి గో మోషన్ అని పేరు. డ్రాగన్ రెక్క విదిలిస్తే ఫిల్ముమీద మసక పడింది.